కారు కింద ఎర్ర చుక్కలు

పొద్దున్నే కళ్ళాపి జల్లబోతే మా ఆటోమేటిక్ కారు కింద ఎర్రటి చుక్కలు! "ఏసీ నీళ్ళేలే" అన్నారు మావారు. ఏసీ నీళ్ళకి రంగుండదు, జిడ్డుండదు. ఎర్రగా, జిడ్డుగా ఉంటే అది చాలావరకు గేరుబాక్సు ఆయిలే.

షెడ్డులో ఆయిల్ నింపి పంపేశారు. ఆ ఆదివారం ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ రొద పెడుతోంది గానీ బండి కదలదే! వెనక పిల్లలు, పక్కన లోయ. ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాం.

విజయనగరంలో మరో మెకానిక్ అన్నాడు: "చిల్లు కుండలో నీళ్ళు పోస్తే ఏటి లాభమమ్మా?"

పంపు ఈ ఆయిల్ని ఒత్తిడితో తోస్తేనే గేరుబాక్సులోని క్లచ్ ప్లేట్లు పట్టుకుంటాయట. ఆయిల్ తగ్గితే పంపు గాలి పీలుస్తుంది. ఒత్తిడి పడిపోయి, ప్లేట్లు జారి మాడిపోతాయి.

అతను అడుగంతా శుభ్రంగా తుడిచి, బండి కాసేపు నడిపి, చెమ్మ ఎక్కడ మొదలైందో చూశాడు. ఆయిల్ ట్రే గాస్కెట్, కూలర్ గొట్టాలు, యాక్సిల్ సీళ్ళు... సాధారణంగా కారేది ఇక్కడే. మాది గాస్కెట్. అది మార్చి, కంపెనీ చెప్పిన ఆయిలే పోసి, వేడెక్కాక గేజి బిగించాడు. ఒక్కో గేరులో ఒత్తిడి చూసి కంపెనీ పుస్తకంలో అంకెలతో పోల్చాడు. ఆయిల్ నిండుగా ఉన్నా ఒత్తిడి తక్కువైతే ఫిల్టరునో, పంపునో అనుమానించాలట.

2014లో సెలెరియోతో మన దగ్గరకొచ్చిన ఏఎంటీ బళ్ళ సంగతి వేరు. వాటిలో ఉండేది మామూలు గేరుబాక్సే.

షెడ్డుకెళ్తే మొహమాటపడకుండా రెండు మాటలు అడగండి: "ఎక్కడ కారింది? ఒత్తిడి ఎంతుంది?" జవాబు వచ్చాకే బండి ఘాట్ ఎక్కించండి.