‘మీడియం’ అంటే ఎంత?

సంచికకు ఏదైనా రాసిమ్మని మన యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, "కవిత్వం నాకు రాదు, రాజకీయాలు నాకు పడవు, ఇక మిగిలింది మా ఇంట్లో జరిగిన ఒక నష్టం సంగతి" అన్నాను. "అదే రాయవోయ్, పదిమందికీ పనికొస్తుంది" అన్నారు. అందుకే ఈ సాహసం. విషయం చూడ్డానికి చాలా చిన్నది. బట్టల మెడ వెనుక కుట్టిన చీటీ మీద ఉండే అక్షరం. ఆ అక్షరాన్ని నమ్మి మా అక్క పదిహేడు వేల రూపాయలు పోగొట్టుకుంది. నమ్మించినవాణ్ణి నేనే.

మా అక్క మంగళగిరి నేత గుడ్డతో కుర్తీలు కుట్టించి, ఫోటోలు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. ఒకసారి అమెరికాలో ఉన్న ఒక తెలుగు కుటుంబం వారు, ఇంట్లో శుభకార్యమని, ఎనిమిది కుర్తీలు అడిగారు. తమ సైజులు అమెరికా లెక్కలో చెప్పారు. ఎక్కువమంది ‘మీడియం’, అంటే అక్కడి 8, 10 నంబర్లు. "తమ్ముడూ, వాళ్ల ఎమ్, మన ఎమ్ ఒకటేనంటావా?" అని అక్క నన్నడిగింది. కామర్సు చదువుతున్నవాణ్ణి గదా, నాకు తెలియనిదేముంటుంది! ఇంటర్నెట్‌లో ఒక పట్టిక వెదికి పట్టాను. "అమెరికా మీడియం అంటే ఆసియా ఎక్స్ఎల్" అని అందులో స్పష్టంగా ఉంది. అక్క ఎక్స్ఎల్ కుట్టించి పంపింది.

కుర్తీలు చేరాయి. వేసుకుంటే దిండు గలీబుల్లా ఉన్నాయట. భుజాలు మోచేతుల మీదికి జారుతున్నాయట. తిరిగి పంపుదామంటే అక్కణ్ణుంచి పోస్టు ఖర్చు గుడ్డ ఖరీదును మించుతోంది. అక్క మాట పడటం ఇష్టంలేక మొత్తం డబ్బు వెనక్కి ఇచ్చేసింది. నేత గుడ్డ డబ్బూ, టైలరు కూలీ, వెళ్లేటప్పటి పార్సిలు ఖర్చూ అన్నీ ఆవిడ మీదే పడ్డాయి.

అప్పుడు పట్టుదలగా కూర్చుని ఈ కొలతల కథంతా చదివాను. నా పొరపాటు ఎక్కడుందో తెలిసింది. తెలిసింది మీకూ చెబుతాను.

అమెరికా నంబరు కథ

అమెరికాలో ఆడవారి దుస్తుల మీద ఉండే 6, 8, 10 అనే అంకెలు అంగుళాలూ కావు, సెంటీమీటర్లూ కావు. అవి వట్టి పేర్లు. వాటికి ఒక శాస్త్రీయమైన ఆధారం కల్పించాలని 1939-40లో అక్కడి ప్రభుత్వ వ్యవసాయ శాఖ సుమారు 15,000 మంది స్త్రీలను కొలిపించింది. ఒక్కొక్కరికి 59 కొలతలు! ఆ నివేదిక 1941లో వెలువడింది. అయితే అందులో లెక్కకు తీసుకున్నవి తెల్లజాతి స్త్రీల కొలతలు మాత్రమే. దేశంలో ఉన్న మిగతావారి ఒళ్లు ఆ లెక్కలోకి రానే లేదు.

తరువాత ఈ పని ముందుకు సాగడానికి కారణం ఎవరో తెలుసా? కేటలాగు చూపించి పోస్టులో బట్టలమ్మే కంపెనీలు. సరిపోని బట్టలు తిరిగి వచ్చి వాళ్లకు చేటు తెచ్చేవి. అంటే మా అక్క కష్టం కొత్తదేమీ కాదన్నమాట. వాళ్ల కోరిక మీద 1958లో ఒక ప్రమాణం వచ్చింది. 1970లో దాన్ని సవరించారు. కంపెనీలు దాన్ని పాటించడం మానేస్తూ వచ్చాయి. చివరకు 1983లో ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంది. ఇప్పుడున్న ప్రమాణాలు ఇష్టమైతే పాటించేవే గాని, విధిగా పాటించవలసినవి కావు.

అదుపు లేకపోయేసరికి అంకెలు జారిపోయాయి. ఛాతీ చుట్టుకొలత 32 అంగుళాలున్న స్త్రీకి 1937 నాటి సియర్స్ కేటలాగులో సైజు 14. అదే కొలతకు 1967లో సైజు 8. 2011 నాటికి సైజు 0! మనిషి మారలేదు, టేపు మారలేదు, అంకె మాత్రం చిక్కిపోయింది. చిన్న అంకె చూస్తే కొనేవారికి సంతోషం, కొంటే అమ్మేవారికి సంతోషం. ఇంతే అందులోని కిటుకు. కనుక ఈనాటికీ రెండు అమెరికా కంపెనీల ‘8’లు ఒకటి కాకపోవచ్చు. స్థూలంగా చెప్పాలంటే, చాలా కంపెనీల పట్టికల్లో ఇప్పుడు మీడియం అంటే ఒంటి కొలత 36 నుంచి 37½ అంగుళాలు, అంటే 91 నుంచి 95 సెంటీమీటర్లు.

‘ఆసియా సైజు’ అనేది ఉన్నదా?

నేను నమ్మిన పట్టికలో ‘ఆసియా’ అని ఒక గడి ఉంది. అసలు మోసమంతా ఆ గడిలోనే ఉంది. ఆసియా అంటే ఒక దేశం కాదు గదా!

చైనావారి పద్ధతి చూడండి. చీటీ మీద 160/84ఏ అని ఉంటుంది. 160 సెంటీమీటర్ల ఎత్తు, 84 సెంటీమీటర్ల ఛాతీ ఉన్న మనిషికి అని అర్థం. చివరి అక్షరం ఒంటితీరు చెబుతుంది. ఆడవారిలో ఛాతీకీ నడుముకూ తేడా 14 నుంచి 18 సెంటీమీటర్లుంటే ‘ఏ’, 9 నుంచి 13 ఉంటే ‘బి’. ఎంత నిజాయితీ అయిన చీటీ! దీన్నే వాళ్లు సాధారణంగా ‘ఎమ్’ అంటారు. 84 సెంటీమీటర్లంటే 33 అంగుళాలు. అమెరికాలో చాలాచోట్ల అది ఎక్స్ఎస్. అక్కడినుంచి మెట్టుకు 4 సెంటీమీటర్ల చొప్పున పైకి వెళితే 88 దగ్గర ‘ఎల్’, 92 దగ్గర ‘ఎక్స్ఎల్’. అమెరికా మీడియం మొదలయ్యేది సుమారుగా ఆ 92 దగ్గరే. కనుక నేను చూసిన పట్టిక తప్పు కాదు. అది చైనా బట్టలకు రాసిన పట్టిక. దాన్ని మంగళగిరి కుర్తీకి తగిలించడం నా తప్పు.

జపానువారిది మరో లెక్క. వాళ్ల ఆడవారి సైజులు 7, 9, 11, 13 అని బేసి అంకెల్లో ఉంటాయి. 9ఏఆర్ అంటే ఛాతీ 83 సెంటీమీటర్లు, ‘ఏ’ మామూలు ఒంటితీరు, ‘ఆర్’ అంటే 158 సెంటీమీటర్ల ఎత్తు. పొట్టివారికి ‘పి’, అది 150. పొడుగువారికి ‘టి’, అది 166. మెట్టుకు 3 సెంటీమీటర్ల తేడా. ఇక వాళ్ల అక్షరాల పద్ధతిలో ‘ఎమ్’ అంటే 79 నుంచి 87 దాకా.

కొరియాలో 44, 55, 66 అంటారు. 55 అనేది 155 సెంటీమీటర్ల ఎత్తు, 85 సెంటీమీటర్ల ఛాతీ అనే రెండు కొలతల చివరి అంకెల నుంచి పుట్టింది. అధికార ప్రమాణాల్లోంచి అది ఎప్పుడో పోయినా జనం నోట్లోంచి పోలేదు.

ఇప్పుడు మెట్లు పోల్చండి. చైనా మెట్టు 4 సెంటీమీటర్లు, జపాను మెట్టు 3 సెంటీమీటర్లు, అమెరికా చిన్న సైజుల మధ్య మెట్టు సుమారు ఒక అంగుళం, అంటే 2.54 సెంటీమీటర్లు. మెట్ల ఎత్తులు వేరైన నిచ్చెనలను పక్కపక్కన నిలబెట్టి "ఒక మెట్టు కలుపుకో, రెండు మెట్లు తీసెయ్" అంటే ఎక్కడో ఒకచోట కాలు జారక తప్పదు. పైగా ఛాతీ సరిపోయినంత మాత్రాన సరిపోదు. 158 సెంటీమీటర్ల మనిషికని కోసిన గౌను 170 సెంటీమీటర్ల మనిషి వేసుకుంటే నడుము కుట్టు పక్కటెముకల మీదికి ఎక్కి కూర్చుంటుంది.

మన సంగతి

మన దగ్గర కుర్తీకి ఎమ్ అంటే 38, ఎల్ అంటే 40, ఎక్స్ఎల్ అంటే 42 అని వాడుక. అంగుళాలే, సందేహం లేదు. కాని ఎవరి అంగుళాలు? మనిషివా, బట్టవా? ఒకరు 38 అంటే ఒంటి కొలత అంటారు. ఇంకొకరు 38 అంటే కుట్టిన కుర్తీ చుట్టుకొలత అంటారు. మా అక్క లెక్క రెండోది. ఈ సంగతి నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

మా టైలరు గారు ఇది విని నవ్వారు. "బాబూ, ఒంటికెంతో గుడ్డకంతే పెడితే చెయ్యెత్తితే చిరుగుద్ది. లూజు వదలాలి గదా" అన్నారు. నేత గుడ్డ సాగదు. అందుకని కుర్తీకి రెండు నుంచి నాలుగు అంగుళాలు లూజు కావాలి. బనీను గుడ్డలాంటి సాగే గుడ్డయితే లూజు అక్కర్లేదు. ఇప్పుడు లెక్క వేయండి. 36 అంగుళాల మనిషికి అక్క ‘ఎమ్’, 37 అంగుళాల మనిషికి ‘ఎల్’ చక్కగా సరిపోయేవి. నేను పంపించింది 42. అయిదారు అంగుళాల లూజు! దిండు గలీబు కాక మరేమవుతుంది?

మగవారి చొక్కాల్లో ఇంకో తిరకాసు ఉంది. మన దుకాణాల్లో ఫుల్‌హ్యాండ్ చొక్కా మీద 39, 40, 42 అని ఉండేది చాలావరకు కాలరు కొలత, అదీ సెంటీమీటర్లలో. అమెరికాలో అదే కొలతను అంగుళాల్లో 15½, 16 అని చెప్పి, పక్కన చేతి పొడవు 33 అనో 34 అనో వేస్తారు. మన ‘40’ చూసి అక్కడివాడు అది ఛాతీ అంగుళాలనుకుంటే ఆశ్చర్యమేముంది?

మనవాళ్ల ఒళ్లకు తగిన ప్రమాణం మనకు లేని లోటు తీర్చడానికి నిఫ్ట్ సంస్థ ‘ఇండియా సైజ్’ అనే సర్వేను తలపెట్టింది. ఆరు నగరాల్లో, 15 నుంచి 65 ఏళ్ల వయసువారిని 25,000 మందిని స్కానర్లతో కొలవాలని సంకల్పం. ఆ ఆరింటిలో మన హైదరాబాదూ ఉంది. మంచి పనే. కాని ఏ ప్రమాణం వచ్చినా, రెండు దేశాల చీటీల మధ్య వంతెన చీటీ కాదు, టేపు.

మరి చేయవలసిందేమిటి?

మా అక్కా నేనూ ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి ఇది. అమ్మకం తలపెట్టిన మిత్రులెవరైనా వాడుకోవచ్చు.

మొదటిది: అక్షరాన్ని అక్షరంలోకి మార్చవద్దు. చీటీ నుంచి బట్టకు, బట్ట నుంచి ఒంటికి, ఒంటి నుంచి అవతలి చీటీకి. ఈ దారిలోనే వెళ్లాలి.

రెండోది: కుట్టిన బట్టను బల్ల మీద పరిచి, ముడతలు తీసి, ఈ చంక కింద నుంచి ఆ చంక కిందకు కొలవాలి. దాన్ని రెట్టింపు చేస్తే బట్ట చుట్టుకొలత. అలాగే నడుము, సీటు, భుజం, చేతి పొడవు, మొత్తం పొడవు.

మూడోది: చుట్టుకొలతలోంచి లూజు తీసేస్తే ఎలాంటి ఒంటికి సరిపోతుందో వస్తుంది. బట్ట 40 అంగుళాలు, లూజు 3 అనుకుంటే 37 అంగుళాల ఒంటికి. దీన్ని 2.54తో గుణిస్తే 94 సెంటీమీటర్లు. ఇప్పుడు అమెరికా పట్టిక చూసి, "సుమారు అక్కడి మీడియం" అని రాయవచ్చు. ‘సుమారు’ అనే మాట మాత్రం మరువవద్దు.

నాలుగోది: అమ్మకం పేజీలో రెండు కొలతలూ వేరువేరుగా రాయాలి. "బట్ట కొలత ఇంత, ఇంత ఒంటికి సరిపోతుంది" అని, అంగుళాల్లోనూ సెంటీమీటర్లలోనూ. నూలు గుడ్డ నీళ్లలో పెడితే కుంచించుకుపోతుంది. కనుక కోయకముందే తడిపి ఆరబెట్టాలి. అది చేయకపోతే మన కొలతలన్నీ మొదటి ఉతుకుతోనే అబద్ధమైపోతాయి.

అయిదోది, అన్నిటికంటె ముఖ్యమైనది: కొనేవారిని వాళ్ల సైజు అడగవద్దు. వాళ్లకు బాగా సరిపోయే పాత కుర్తీ ఒకటి పరిచి కొలిచి చెప్పమనాలి. ఇదేమీ కొత్త విద్య కాదు. మన అమ్మలు టైలరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆది జాకెట్టు వెంట తీసుకెళ్లడం లేదూ? ఏ అమ్మా "నాది మీడియం" అని చెప్పి జాకెట్టు కుట్టించుకోలేదు. అమెరికా నుంచి ఆది జాకెట్టు రాలేకపోవచ్చు గాని, దాని కొలతలు ఫోనులో క్షణంలో వస్తాయి.

ఈ పద్ధతి మొదలుపెట్టాక సరిపోలేదనే మాట పూర్తిగా పోయిందని కొయ్యను గాని, బాగా తగ్గింది. మూడు నెలల తరువాత ఆ అమెరికా కుటుంబమే మళ్లీ రెండు కుర్తీలు అడిగారు. ఈసారి అక్క నన్నడగలేదు. వాళ్లనే కొలతలు అడిగింది. పంపినవి సరిపోయాయని ఫోటో వచ్చినప్పుడు నాకు చూపించి, "చూశావా, వీటికి చీటీ కూడా కుట్టించలేదు" అంది.

తప్పు నాది గనుక ఆ మాట నవ్వుతూనే పడ్డాను. చదువుకున్నవాళ్లం పట్టిక కనిపిస్తే చాలు నమ్మేస్తాం. దాన్ని ఎవరు, ఎవరిని కొలిచి, ఏ సరుకు కోసం తయారుచేశారని అడగం. ఆ మూడు ప్రశ్నలూ అడగడానికి నాకు పదిహేడు వేలు ఫీజు పడింది. మీకు ఈ సంచిక ఖరీదుతో సరిపోవాలని నా కోరిక.