నిమ్మ ఉప్పులో పట్టూ విడుపూ

చేపల పులుసు దించి కాసేపు కదపకుండా ఉంచితే పైకి ఎర్రటి నూనె తేలుతుంది. ఆ నూనెను మాత్రమే గరిటె అంచుతో తీసి నాలుక మీద వేసుకుని చూడండి. కారం చురుక్కుమంటుంది, పులుపు మాత్రం దాదాపు తెలియదు. మిరపకాయలోని ఎరుపూ కారమూ నూనెలోకి ఎక్కేశాయి. చింతపండు పులుపు కిందే, నీళ్లలోనే ఉండిపోయింది.

పులుపంటే ఆమ్లం. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, పెరుగులో లాక్టిక్ ఆమ్లం, నిమ్మలో సిట్రిక్ ఆమ్లం. ఈ అణువుల చుట్టూ నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో మూగి ఉంటాయి. నూనె అణువులకు అలా అల్లుకునే గుణం లేదు. కాబట్టి పులుపు నీటిని విడిచి రాదు. వంటింట్లో దీనితో మనకు ఇబ్బందేమీ లేదు. ఆమ్లాలు తయారుచేసే కర్మాగారంలో మాత్రం సగం కష్టం ఇక్కడే ఉంది.

కిరాణా కొట్లో చిన్న పొట్లాల్లో దొరికే నిమ్మ ఉప్పునే చూడండి. పాలు విరగ్గొట్టడానికి, షర్బత్‌లో పులుపు కోసం వాడే ఆ తెల్లటి పలుకులు సిట్రిక్ ఆమ్లం. పేరులో నిమ్మ ఉన్నా, ఇప్పుడది నిమ్మకాయల నుంచి రావడం లేదు. ఉల్లిపాయ పైపొర ఒలిచినప్పుడు వేలికి నల్లటి మసి అంటుకుంటుంది కదా, చాలాసార్లు అది ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే బూజు. చక్కెర ద్రావణంలో పెంచితే ఈ బూజు సిట్రిక్ ఆమ్లాన్ని ధారాళంగా ఇస్తుందని 1917లో అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ కర్రీ చూపించాడు. రెండేళ్లకు ఫైజర్ కంపెనీ దాన్ని పరిశ్రమగా మార్చింది. అప్పటిదాకా ప్రపంచం సిసిలీ నిమ్మతోటల వైపు చూసేది.

బూజు తన పని కొద్ది రోజుల్లో ముగిస్తుంది. తొట్టిలో మిగిలేది బురద లాంటి ద్రవం: నీళ్లు, బూజు పోగులు, మిగిలిన చక్కెర, ప్రోటీన్లు, వాటి మధ్య మనకు కావలసిన ఆమ్లం. నీటిని మరిగించి పోగొడితే ఆ చెత్తంతా ఆమ్లంతో కలిసి ముద్దవుతుంది. పోనీ ఆమ్లాన్నే ఆవిరి చేసి పట్టుకుందామంటే, అది ఆవిరయ్యేలోపే వేడికి విరిగిపోతుంది.

దీనికి పాత ఉపాయం ఒకటుంది. 1784లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే నిమ్మరసంలో సుద్ద కలిపాడు. ఆమ్లం సుద్దలోని కాల్షియంతో చేరి కరగని లవణంగా అడుగున దిగింది. ఆ లవణాన్ని కడిగి సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే సిట్రిక్ ఆమ్లం తిరిగి విడుదలైంది. సుద్దకు బదులు సున్నం వాడినా పద్ధతి అదే, నేటికీ చాలా కర్మాగారాలు నడిచేది దీని మీదే. షీలే మీద నాకెంత గౌరవమున్నా, ఈ పద్ధతి ఖర్చు చూస్తే మనసు ఒప్పదు. రసాయన సమీకరణం ప్రకారం లెక్క కడితే, టన్ను సిట్రిక్ ఆమ్లానికి ముప్పావు టన్నుకు పైగా సల్ఫ్యూరిక్ ఆమ్లం కావాలి. చివరికి 1.3 టన్నులకు పైగా జిప్సం మిగులుతుంది. అంటే సరుకు కన్నా వ్యర్థం బరువెక్కువ.

నీటి నుంచి ఆమ్లాన్ని నేరుగా నూనెలోకి లాగలేమా? మామూలు నూనెతో కాదని పులుసే చెప్పింది. నూనెలో ఒక రాయబారిని ఉంచాలి. అమైన్లు అనే క్షార గుణం గల పదార్థాలు ఆ పని చేస్తాయి. ట్రైడోడెసైల్ అమైన్‌లో ఒక నైట్రోజన్ పరమాణువుకు 12 కార్బన్ల గొలుసులు మూడు వేలాడుతుంటాయి. నైట్రోజన్ ఆమ్లాన్ని పట్టుకుంటుంది. ఆ పొడవాటి గొలుసులు నూనెకు చెందినవి కాబట్టి, పట్టుకున్న ఆమ్లంతో సహా అమైన్ నూనెలోనే ఉంటుంది. నీటిలోకి దిగదు.

పీజీ ల్యాబ్‌లో దీన్ని నా చేత్తో చేశాను. సెపరేటింగ్ ఫన్నెల్‌లో ఆమ్లం కలిపిన నీళ్లు, పైన కిరోసిన్ పోసి, బిరడా నొక్కి పట్టుకుని ఊపాను. తలకిందులు చేసి కాక్ తిప్పితే లోపలి ఆవిరి బుస్సుమంది. రెండు పొరలు తేరాక కింది నీటిని బ్యూరెట్ కింద పెట్టి చూస్తే, గులాబీ రంగు తేలడానికి, ఊపకముందు పట్టినంత క్షారమే మళ్లీ పట్టింది. ఆమ్లం కదల్లేదన్నమాట. కిరోసిన్‌లో అమైన్, కాస్త ఆక్టనాల్ అనే ఆల్కహాల్ కలిపి మళ్లీ ఊపాను. ఈసారి పొరల మధ్య పాల మీగడ లాంటి తెల్లటి నురగ కట్టి, అది విడేదాకా మధ్యాహ్నమంతా కూర్చోబెట్టింది. విడిన తర్వాత కింది నీటికి పట్టిన క్షారం మాత్రం బాగా తగ్గింది. కర్మాగారాల్లో కూడా ఆ మధ్య పొర ఒక పెద్ద తలనొప్పి. పులియబెట్టిన ద్రవంలోని ప్రోటీన్లు దాన్ని ఇంకా మొండిగా చేస్తాయి.

ఇక ఈ విద్యలో అసలు కిటుకు విడుపులో ఉంది. ఆమ్లాన్ని గట్టిగా పట్టే పదార్థం దొరకడం కష్టం కాదు. కానీ పట్టినది వదలకపోతే, వదిలించడానికి మళ్లీ బలమైన రసాయనమేదో పోయాలి, అప్పుడు జిప్సం పోయి మరో లవణం మిగులుతుంది. 1981లో ఇజ్రాయెల్‌కు చెందిన అవ్రాహామ్ బానియెల్, సహచరులు తీసుకున్న అమెరికా పేటెంటు ఇక్కడే మెరుస్తుంది. ఆమ్లం, అమైన్ కలిసేటప్పుడు వేడి వెలువడుతుంది. కాబట్టి వేడి చేస్తే ఆ పట్టు సడలుతుంది. చల్లగా ఉన్నప్పుడు నూనెలోకి లాగి, తర్వాత ఆ నూనెను వేడినీటితో కలిపితే ఆమ్లం శుభ్రమైన నీటిలోకి దిగిపోతుంది. చక్కెర, ప్రోటీన్లు పాత నీటిలోనే ఉండిపోతాయి, నూనె మళ్లీ మొదటికి వస్తుంది. సున్నమూ లేదు, సల్ఫ్యూరిక్ ఆమ్లమూ లేదు. ట్రైడోడెసైల్ అమైన్, ఆక్టనాల్, ఒక శుద్ధమైన పెట్రోలియం ద్రావణి కలిపి సిట్రిక్ ఆమ్లం తీయడాన్ని అమెరికా ఆహార నిబంధనలు పేర్లతో సహా అనుమతించాయి. సరుకులో వాటి అవశేషాలకు హద్దులూ పెట్టాయి.

ఇదే పద్ధతిని లాక్టిక్ ఆమ్లానికి వాడబోతే కథ అడ్డం తిరుగుతుంది. అమైన్ బాగా పట్టేది అయాన్లుగా విడిపోని నిండు ఆమ్ల అణువునే. నల్ల బూజు పీహెచ్ 2 దగ్గర కూడా హాయిగా బతుకుతుంది, అక్కడ సిట్రిక్ ఆమ్లంలో నూటికి 93 అణువులు నిండుగానే ఉంటాయి. పెరుగు తోడులోని లాక్టిక్ బాక్టీరియా అంత పులుపు ఓర్వలేదు. అందుకని తొట్టిలో సున్నమో సుద్దో వేస్తూ పీహెచ్‌ను 6కు కాస్త తక్కువలో నిలుపుతారు. అక్కడ నూటికి ఒక్క అణువే నిండుగా మిగులుతుంది, తక్కినవన్నీ లాక్టేట్ అయాన్లే. రాయబారి సిద్ధంగా ఉన్నా వెంట వచ్చేవాళ్లు లేరు. పైగా ఆక్టనాల్ లాంటి ద్రావణులు ఆ బాక్టీరియాకు విషం, కాబట్టి తొట్టిలోనే నూనె కలిపి ఎప్పటికప్పుడు ఆమ్లాన్ని లాగేయడమూ తేలిక కాదు.

మక్క పిండి నుంచి తయారయ్యే పీఎల్ఏ ప్లాస్టిక్‌కు ముడిసరుకు ఈ లాక్టిక్ ఆమ్లమే. పాత సున్నం పద్ధతిలో దాని ప్రతి టన్నుకూ ఇంచుమించు మరో టన్ను జిప్సం మిగులుతుంది. అందుకే కొందరు శాస్త్రవేత్తలు ద్రావణిని వదిలి సూక్ష్మజీవి వైపు తిరిగారు. పులుపును ఓర్చుకునే ఈస్టులో లాక్టిక్ ఆమ్లం చేసే జన్యువును చేర్చారు. ఆ ఈస్టు తక్కువ పీహెచ్‌లోనే పనిచేస్తుంది. తొట్టిలో వేసే సున్నం తగ్గుతుంది, నూనెలోని అమైన్‌కు పట్టుకోవడానికి నిండు అణువులు దొరుకుతాయి.