పల్నాటి కోడి - ప్రతిరక్షకాల పుట్టుక

కారంపూడి వీరుల తిరునాళ్లలో ఒక రోజు కోడిపోరుది. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలని నాగమ్మ, బ్రహ్మనాయుడు పుంజుల మీద పందెం కాసిన కథను ఎన్నో ఏళ్లుగా తరగతిలో చెబుతున్నాను. ఆ పుంజు ఒంట్లో జరిగే పోరు సంగతి మాత్రం నాకు పట్టలేదు. మొన్న ఒక విద్యార్థిని అడిగింది: "టీకా వేయించినా మా కోళ్లు కొక్కెర తెగులుతో పోయినయ్యండి. టీకా మోసమేనా మాస్టారూ?" గుడ్లమ్మిన డబ్బుతో నోటు పుస్తకాలు కొనుక్కునే పిల్ల. జవాబు తెలియక పశువైద్యుణ్ణి ఆశ్రయించాను.

ఆయన చచ్చిన కోడిపిల్లను కోసి, మలద్వారం పైభాగాన ఉండే చిన్న సంచిని చూపించారు. ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడి పేరున దాన్ని ఫాబ్రీషియస్ బర్సా అంటారు. ఆ సంచి తీసేసిన కోళ్లలో ప్రతిరక్షకాలు పుట్టడం లేదని అమెరికాలో బ్రూస్ గ్లిక్ బృందం 1956లో ప్రకటించేదాకా దాని పనేమిటో లోకానికి తెలియదు. బి కణాల పేరులోని 'బి' ఈ బర్సాదే.

క్రిములు లెక్కలేనన్ని రకాలు. దేనికి తగిన ప్రతిరక్షకం దానికి కావాలి. మనిషి ఒంట్లో పదులకొద్దీ జన్యు ఖండాలు రకరకాలుగా జతపడి ఈ వైవిధ్యం వస్తుంది. దీన్ని కనిపెట్టిన తొనెగావాకు 1987లో నోబెల్ బహుమతి వచ్చింది. కోడి ఈ విషయంలో బీదది. ప్రతిరక్షకంలోని తేలిక గొలుసుకు, క్రిమిని పట్టే కొసను నిర్ణయించే ఖండాల్లో పనిచేసేది ఒక్కటే. దాని పక్కన 25 దాకా చచ్చుబడిన నకళ్లున్నాయి. వాటంతట అవి దేన్నీ తయారు చేయలేవు. అయితే బర్సాలో పెరిగే ఒక్కో కణం ఆ నకళ్లలోంచి తునకలు చూసి రాసుకుని తన ఒక్క ఖండంలో అతికించుకుంటుంది. ఏ కణం అతుకు దానిది. బరువు గొలుసులోనూ ఇంతే. ప్రాచీన సాహిత్యంతో మన సంబంధానికి దీన్ని పోల్చాలని నాకూ నోరూరింది గాని, కణానికి సంప్రదాయమూ తెలియదు, తిరుగుబాటూ తెలియదు.

ఈ పని గుడ్డులో ఉండగానే మొదలవుతుంది. కోడి ఈడుకొచ్చేసరికి బర్సా కుంచించుకుపోతుంది. 1962లో అమెరికాలో బయటపడ్డ గంబోరో జబ్బు దెబ్బకొట్టేది ఇక్కడే. దాని వైరస్ బర్సాలోని బి కణాలనే చంపుతుంది. మూడు వారాల లోపు సోకితే పిల్ల పైకి బాగానే కనబడవచ్చు. తర్వాత వేసే కొక్కెర టీకాకు మాత్రం ప్రతిరక్షకాలు సరిగా పుట్టవు. డాక్టరు చూపిన బర్సా ఆ వయసుకు మించి ఎండిపోయి ఉంది. ఆయన అనుమానం గంబోరో మీదే.

"మరి దానికి టీకా లేదాండీ?" అంది ఆ పిల్ల. ఉంది. వందల మోతాదుల సీసాగా వస్తుంది, మూత తీస్తే కొన్ని గంటల్లో వాడెయ్యాలి. ఫారం యజమానికి ఇబ్బంది లేదు. ఎనిమిది కోళ్ల ఇల్లు ఏం చేస్తుంది? వీధిలో అందరూ ఒకే వారంలో కోళ్లను పొదగేస్తే ఒక సీసా సరిపోతుందని లెక్క వేసింది ఆ పిల్లే.