కాలము నిలిచిన కథలు – శ్రోత తీర్పు

ఒంగోలునకు తూర్పున, సముద్రపుటొడ్డున నున్న కొత్తపట్నమున ప్రొద్దు నీటినుండి పొడుచును. తీరమున జాలరులు ఆ ప్రొద్దును బట్టియే పడవలను దించుదురు, ఒడ్డు చేర్తురు. లోపలి నేలలయందు రైతులు ఆ యెండను నమ్మియే మిరపపండ్లను కల్లములలో ఆరబోయుదురు. అట్టి తావున రేపటి ప్రొద్దు పొడువకుండుగాక యని యొకరు పలికి, ఆ పలుకు నిజమైనచో నేమగును? వేటకు పోయిన పడవకు తీరము కానరాదు. ఆరబోసిన కాయ కల్లముననే బూజు పట్టును. విచ్చిన ప్రత్తి మంచుకు తడిసి చెట్టుననే రంగు మాఱును. కాలమును నిలుపవలెనను కోరిక కథలో ఎంత సొంపైనదో, కల్లమున అంత వెల గలది. ఆ వెలను కథ చెప్పువాడు మఱచినను కథ వినువాడు మఱువడు. కాలస్తంభనము వస్తువుగా గల కథలయెడ శ్రోతయు, నేటి కంప్యూటరు నవలలయెడ ఆటగాడును ఇచ్చు తీర్పు ఈ వెలను గూర్చినదే యని నిరూపించుట ఈ వ్యాసమునందలి ప్రయత్నము.

ముందుగా కంప్యూటరు నవల యెట్టిదో చెప్పవలసియున్నది. దీనిని సంవాదాత్మక నవల యనవచ్చును. ఇందు బొమ్మలకు ప్రాధాన్యము లేదు, ఉన్నది వచనమే. కథ కొంత నడచి ఆగును. నాయకుడు పిమ్మట నేమి చేయవలెనో పాఠకుడు చెప్పినగాని అది ముందునకు సాగదు. కావున ఇందలి పాఠకుని ఆటగాడనియు పిలుతురు. అతడు చెప్పు విధములు రెండు. మొదటి విధమున ఆటగాడు చిన్న యాజ్ఞను తానే టైపు చేయును: తలుపు తెఱువుము, దీపము తీసికొనుము అన్నట్లు. విల్ క్రౌథర్ 1976 ప్రాంతమున రచింపగా 1977లో డాన్ వుడ్స్ పెంపొందించిన "అడ్వెంచర్" ఈ శాఖకు మొదటిది. రెండవ విధమున రచయితయే రెండు మూడు మార్గములను చూపును. ఆటగాడు వానిలో నొకదాని నెన్నుకొనును. అచ్చు పుస్తకములలో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము ఎడ్వర్డ్ ప్యాకార్డు బాలుర కొఱకు రచించిన "ది కేవ్ ఆఫ్ టైమ్" (1979). అందొక గుహలో ప్రవేశించిన పాఠకుడు, తాను తిప్పిన పుటను బట్టి వేర్వేరు కాలములకు పోవును. 2009లో నెలకొన్న చాయిస్ ఆఫ్ గేమ్స్ అను సంస్థ ఈ రెండవ విధమున నవలల పరిమాణము గల రచనలను ప్రకటించుచు వచ్చినది.

ఈ ప్రక్రియకు కంటికి కానరాని యంగమొకటి కలదు. దానిని పద్దు అందము. పది తావులలో మూడేసి మార్గములుండి, అవి మరల ఎన్నడును కలియకుండ సాగినచో రచయిత 59,049 కథలను వ్రాయవలసివచ్చును. అది మానవసాధ్యము కాదు. కావున విడిపోయిన మార్గములను అతడు కొంత దూరమున మరల కలుపును; అయినను ఆటగాడు నడచివచ్చిన త్రోవ యేదో ఒక లెక్కలో వ్రాసియుంచును. దయ చూపినవాని లెక్క వేఱు, అబద్ధమాడినవాని లెక్క వేఱు. తరువాతి ఘట్టమున పాత్రలు ఆ లెక్క ననుసరించి మాటలాడును. నేర్పరియైన రచయిత చేతిలో పద్దు కథకు జ్ఞాపకశక్తి వంటిది. నేర్పు చాలనిచోట మార్గములు కలియునుగాని పద్దు మాత్రము మూగవోవును. ఏమి యెన్నుకొన్నను ఒకటే యైనదని ఆటగాడు విసుగుకొనును.

ఇక కాలము మాట. ఈ నవలలలో పెక్కింట ఆటగాడు ఆజ్ఞ యిచ్చునంతవఱకు ఆ లోకమున గాలి యైనను వీవదు. శత్రువు కత్తి యెత్తి యుండును. ఆటగాడు లేచి మంచినీళ్లు త్రాగి వచ్చినను ఆ కత్తి యెత్తినట్లే యుండును. శామ్ బార్లో రచించిన "ఐల్" (1999) అను చిన్న రచనలో ఆటగాని కీయబడునది ఒకే యొక్క యాజ్ఞ. అది చెప్పగనే కథ ముగియును. మరల మొదలిడి వేఱొకటి చెప్పవలెను. ఒక్క క్షణమును పట్టి నిలిపి, దానిని పలువైపులనుండి చూపుటయే ఆ రచన ప్రయోజనము. కాబట్టి ఇట్టి నవలలో నాయకునకు కాలమును నిలుపు శక్తి నిచ్చినప్పుడు రచయిత ఆటగానికి క్రొత్తగా నిచ్చినది స్వల్పమే. ఆ శక్తి రూపభేదముతో అతనికి మొదటినుండియు నున్నదే. క్రొత్తదనము శక్తిలో లేదు. ఆ శక్తిని వాడినందుకు కథ వసూలు చేయు సుంకములో నున్నది. డేవ్ లెబ్లింగ్ రచించిన "స్పెల్‌బ్రేకర్" (1985) ఇందుకు నిదర్శనము. అందు కాలమును నిలుపు మంత్రమునకు గిర్గోల్ అని పేరు. నాయకుడు మంత్రవేత్త. అయినను అతని విజయముతోడనే మంత్రశక్తి లోకమునుండి తొలగిపోవును. గెలుపునకు అతడిచ్చిన వెల అతని విద్యయే.

ఈ న్యాయము మనకు క్రొత్తది కాదు. తిక్కన శిష్యుడగు మారన రచించి, ప్రతాపరుద్రుని సేనానియగు నాగయ గన్నమంత్రికి అంకితమొనర్చిన మార్కండేయపురాణమునకు మూలమగు సంస్కృతపురాణములో కౌశికుని వృత్తాంతము కలదు. తెలుగువారు దానిని సుమతి కథయని చెప్పుకొందురు. వ్యాధిగ్రస్తుడగు భర్తను ఆమె భుజములపై నిడుకొని చీకటిలో మోసికొని పోవుచుండెను. త్రోవలో కొఱ్ఱుమీద బాధపడుచున్న మాండవ్యునకు అతని పాదము తగిలెను. తన్ను కదలించినవాడు సూర్యోదయముతో మరణించునని ముని శపించెను. అట్లయిన సూర్యుడే యుదయింపడని ఆమె పలికెను. ప్రొద్దు పొడువలేదు.

కథ ఇచ్చట ముగిసినచో అది పాతివ్రత్యమహిమను చాటు చిన్న కథగా మిగిలియుండును. పురాణకర్త అచ్చట ముగింపలేదు. రాత్రి తెగకుండుటచే దేవతలు తల్లడిల్లిరి. పగలు రేయి అను భేదము పోయినచో మాసములు లేవు, ఋతువులు లేవు. అవి లేనిచో అయనములు లేవు, సంవత్సరము లేదు. యజ్ఞములు నిలిచిపోవును, యజ్ఞములు నిలిచినచో వానలు నిలుచును. ఒక యింటి దుఃఖమును ఆపిన మాట లోకమునంతటిని ఆపినది. దేవతలు అనసూయను ప్రార్థించిరి. ఆమె సుమతియొద్దకు పోయి, సుఖదుఃఖము లడిగి, లోకమునకు కలిగిన కీడును తెలిపి, భర్తను బ్రతికింతునని మాట యిచ్చెను. సుమతి యంగీకరించినది. ప్రొద్దు పొడిచినది; కౌశికుడు నేల కూలెను. అనసూయ తపోబలముచే అతడు వ్యాధి బాసి లేచెను.

ఇందు గమనింపవలసినవి రెండు. సుమతిని ఎవ్వరును బలవంతపెట్టలేదు. కాలమును నిలిపినది ఆమె కావున దానిని విడువవలసినదియు ఆమెయే. రెండవది, విడిచిన క్షణమున భర్త నిజముగనే కూలెను. శాపమునకు చెల్లవలసినది చెల్లినపిదపనే అనుగ్రహము వచ్చినది. నేటి పరిభాషలో చెప్పవలెనన్న, పద్దు చెరిగిపోలేదు.

ఈ వెలుగున చూచినచో, కాలస్తంభన నవలల నాడినవారి తీర్పులు నిలువదగిన తావులు ముఖ్యముగా మూడు. మొదటిది శక్తికి హద్దు. ఎప్పుడు పడిన అప్పుడు, ఎంతసేపు పడిన అంతసేపు కాలమును నిలుపగలవానికి ఆపద యన్నది లేదు. ఆపద లేనిచోట ఎంపికకు బరువు లేదు. రెండవది జ్ఞాపకము. నిలిచిన కాలములో నాయకుడొక యుత్తరమును దొంగిలించెననుకొందము. కాలము మరల కదలినపిదప ఆ యుత్తరము లేదని ఒకరైనను వెదకవలెను. వెదకనిచో ఆ లోకము బొమ్మలకొలువే యగును. మూడవది ధర్మము. చుట్టునున్నవారందఱు కదలక మెదలక యున్నప్పుడు వారు వలదని యనలేరు, ఔననియు అనలేరు. అట్టివారియెడ నాయకుడు చేయు ప్రతిపనియు ఎదుటివాని సమ్మతి లేక చేయుచున్నదే. కొందఱు రచయితలు దీనిని వినోదముగా తలంచి దాటిపోవుదురు. కాని కథ అడుగని ప్రశ్నను ఆటగాడు తనలో తానే అడుగుకొనును; ఏలయన ఆ పనికి ఆజ్ఞ యిచ్చినది తన వ్రేలు. చదువు నవలలో దుష్కార్యము నాయకునిది. ఆడు నవలలో అది కొంత పాఠకునిది. ఈ ప్రక్రియయొక్క ప్రత్యేకత యంతయు ఈ వాక్యములో నున్నది.

అభిప్రాయములను తూచుటలో ఒక జాగ్రత్త యవసరము. 1995 నుండి ఏటేట జరుగుచున్న ఇంటరాక్టివ్ ఫిక్షన్ కాంపిటీషన్ అను పోటీలో సామాన్యపాఠకులే తీర్పరులు. ఒక్కొక్క రచనకు ఒకటి మొదలు పదివఱకు మార్కు వేయుదురు. ఆ మార్కు మొదటి రెండుగంటల పఠనము ననుసరించియే యుండవలెనని నియమము. ఈ నియమము పోటీకి మేలైనదే. కాని సుమతి కథను ప్రొద్దు నిలిచిన ఘట్టమువఱకు మాత్రము విని తీర్పు చెప్పువాడు ఆమె శక్తిని కొనియాడునేకాని కథలోని న్యాయము నెఱుగడు. కాలస్తంభన కథకు విలువ కట్టవలసిన తావు కాలము మరల కదలిన తావు. అంతవఱకు పోని తీర్పు ఆరంభమును గూర్చిన తీర్పే.

శ్రోతను కథలో భాగస్వామిని చేయుట మన సాహిత్యమునకు ఎఱుకపడని విద్య యనుకొనుట పొరపాటు. అవధానమున నిషిద్ధాక్షరిని స్మరింపుడు. కవి యొక యక్షరము పలుకును. పృచ్ఛకుడు రాదగిన యక్షరమును ఊహించి నిషేధించును. కవి వేఱొక త్రోవ త్రొక్కును. పద్యము ఇరువురి నడుమ అక్షరమక్షరముగా పుట్టును. తిరుపతి వేంకటకవులు ఊరూర ఈ విద్యను ప్రదర్శించినప్పుడు సభలోనివారు కేవలము వినువారు కారు. పద్యము నిలుచునా కూలునా యని కనిపెట్టుకొనియుండు తీర్పరులు. పింగళి సూరన 16వ శతాబ్దమున రచించిన కళాపూర్ణోదయమున కథకును వినికిడికిని గల బంధము మఱింత విచిత్రము. బ్రహ్మ సరస్వతికి వినోదముగా చెప్పిన కథ, చెప్పబడిన కారణముననే భూలోకమున జరుగును. పసికందగు మధురలాలస మణిహారము సోకినంతనే పూర్వవృత్తాంతమును చెప్పును. ముందు జరిగినది వెనుక తెలియును. వెనుక జరుగవలసినది ముందు వినబడును. 1914లో కట్టమంచి రామలింగారెడ్డి తన కవిత్వతత్త్వవిచారమున ఈ కావ్యమును విమర్శకు వస్తువుగా గ్రహించుట యాదృచ్ఛికము కాదు. కథానిర్మాణమును గూర్చి ఆలోచింపగోరువానికి తెలుగున ఇంతకంటె తగిన కావ్యము అరుదు.

వినుటలోనే కాలము నిలుచునను మాటకు భాగవతము నవమస్కంధమున మఱియొక సాక్ష్యము కలదు. కకుద్మి తన కూతురగు రేవతికి తగిన వరుని అడుగుటకై ఆమెను వెంటబెట్టుకొని బ్రహ్మసభకు పోయెను. అచ్చట గానము జరుగుచుండుటచే క్షణకాలము నిలిచి వినెను. పాట ముగిసినపిదప అడుగగా బ్రహ్మ నవ్వి, ఇరువదియేడు చతుర్యుగములు గడచినవనియు, అతడు మనసున నిడుకొన్న వరులుగాని వారి సంతతిగాని ఇప్పుడు లేరనియు తెలిపెను. సుమతి తన కొఱకు లోకమును నిలిపెను. కకుద్మి తాను నిలిచి లోకమును పోనిచ్చెను. రెంటను వెల చెల్లినది. ఆమె చెల్లించినది ఇతరుల వెల యని తెలిసికొని వెనుకకు మరలినది. అతడు చెల్లించినది తన తరమును, తన యెఱిగినవారిని. కంప్యూటరు ముందు తెల్లవార్లు కూర్చుండిన ఆటగానికి ఈ కథ వేఱుగా వ్యాఖ్యానింప నక్కఱలేదు.

కావున, తెలుగున ఇట్టి నవలను రచింపబూనువారికి యంత్రపరిజ్ఞానముకంటె ముందుగా కావలసినది ఈ న్యాయము. శక్తి నిచ్చిన చేతితోనే దాని వెలను వ్రాయవలెను. ఆ వెల ఎవరిపై పడునో చూపవలెను. తుదకు విడుచు హక్కును నిలిపినవానికే యుంచవలెను. విమర్శకులకును ఒక విధి కలదు. ఈ రచనలనుగూర్చి ఆటగాండ్రు చెప్పు మాటలను కేవలము మెచ్చుకోలుగను తిట్టుగను ఎంచక, సభలో పృచ్ఛకుని ప్రశ్నవలె గ్రంథములో నొక భాగముగా గ్రహింపవలెను. ఎంపిక ఫలింపలేదన్న ఆటగాని ఫిర్యాదు, ప్రొద్దు పొడువనిచో మా కల్లము మాటేమని అడుగు రైతు ప్రశ్నకు తోబుట్టువు. కొత్తపట్నపు టొడ్డున నిలిచి చూచువానికి సూర్యోదయము అందమైన దృశ్యమే. కాని పడవకును కల్లమునకును అది యంతకంటె ముందొక అవసరము. ఆ యవసరము నెఱిగి వ్రాసిన కథయే కాలమును నిలుపుటకు అర్హత గలది.