నిలుపుటలోని లాభము

నలోపాఖ్యానములో ఒక చిన్న ఘట్టమున్నది. బాహుకుడను పేరుతో సారథియైన నలుడు రథము తోలుచుండగా ఋతుపర్ణ మహారాజు ఉత్తరీయము జారి పడినది. దానిని తెప్పించుకొనుటకు రథము నాపుమని రాజు కోరగా, అది అప్పటికే యోజనము వెనుకబడినదని బాహుకుడు బదులు చెప్పినాడు. తరగతిలో ఈ కథ చెప్పినప్పుడెల్ల విద్యార్థులు ఆ వేగమునకే ఆశ్చర్యపడుదురు. అంత వేగముగా పోవు రథమును నిలుపుట ఎట్లని ఇంతవరకు ఎవరును నన్నడుగలేదు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగరపు టొడ్డున జరిగిన ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెమును గురించి ముచ్చటించుకొన్నవారిదియు ఇదే ధోరణి. గంటకెన్ని కిలోమీటర్లన్నదే ప్రశ్న. నిజమునకు ఆ పందెపు కీలకము మలుపులలో నున్నది. ఎన్టీఆర్ మార్గమును, సచివాలయపు పరిసరములను కలుపుకొని వేసిన ఆ బాట మూడు కిలోమీటర్లకు లోపు. మలుపులు మాత్రము 18. అనగా మాటిమాటికి బ్రేకు వేయవలసినదే.

మామూలు కారులో బ్రేకు వేసినప్పుడు పోగుచేసికొన్న వేగమంతయు రాపిడి వలన వేడియై గాలిలో కలిసిపోవును. విద్యుత్ కారులో అట్లు కానక్కరలేదు. చక్రమును త్రిప్పిన మోటారునే ఆ చక్రముచేత త్రిప్పించినచో అది డైనమోయై విద్యుత్తును బ్యాటరీకి మరల పంపును, కారును నెమ్మదింపజేయును. ఆ యేడు పందెమునకు వచ్చిన మూడవ తరము కార్లను మోటార్లు ముందుకు నెట్టగల శక్తి గరిష్ఠముగా 350 కిలోవాట్లు. నిలుపునప్పుడు తిరిగి రాబట్టుకొనగల శక్తి 600 కిలోవాట్లు! పందెములో ఖర్చగు విద్యుత్తులో నూటికి నలుబది పాళ్లకు పైగా ఇట్లు సంపాదించుకొన్నదేనని నిర్వాహకుల లెక్క. వెనుక చక్రములకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేకుండనే ఆ కార్లను రూపొందించినారు. ఆనాడు గెలిచిన ఫ్రెంచివాడు జాఁ ఎరిక్ వెర్న్, వెన్నంటి వచ్చిన నిక్ కాసిడీకంటె అర సెకనైన ముందు లేడు. చివరి చుట్లలో కాసిడీ వద్దనే విద్యుత్తు ఎక్కువ మిగిలియున్నది. పొదుపరియైన గృహిణి నెలాఖరు దినములను గడుపుకొన్నట్లు వెర్న్ ఆ కొంచెముతోనే నెట్టుకొని వచ్చినాడు.

పందెములలో తేరిన బ్రేకు సామాన్యుని వాకిటికి వచ్చుట కొత్త గాదు. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ ఇరువదినాలుగు గంటల పందెమును జాగ్వార్ కారు డిస్కు బ్రేకులతో గెలిచినది. డ్రమ్ము బ్రేకులు వేడెక్కి పట్టు సడలును. డిస్కు గాలి తగిలి త్వరగా చల్లారును. నేడు ఆ డిస్కు మన వీధిలోని మోటారు సైకిళ్లకు సైతము ఉన్నది.

అయితే శక్తిని తిరిగి రాబట్టు విద్యకు పందెమే పుట్టినిల్లని చెప్పుట అన్యాయము. 1997లో జపానులో అమ్మకమునకు వచ్చిన టొయోటా ప్రియస్ అను గృహస్థుని కారులోనే అది యున్నది. అంత దూరమేల? పందెమునకు అయిదేండ్లు ముందే, 2017లో పరుగు మొదలిడిన హైదరాబాదు మెట్రో రైలు స్టేషను స్టేషనుకు ఆగుచు ఇదే పని చేయుచున్నది. పందెపు టిక్కెట్టు లేకయే ఆ విద్యను చూడవచ్చునన్నమాట.

2024 ఫిబ్రవరిలో జరుగవలసిన రెండవ పందెము, ప్రభుత్వము మారిన పిమ్మట, జనవరిలోనే రద్దయినది. నగరమునకు కీర్తియని కొందరు, దండుగయని కొందరు వాదించుకొన్నారు. చెల్లింపుల వివాదము దర్యాప్తులదాకా పోయినది. దాని న్యాయాన్యాయములు తేల్చువారు వేరే యున్నారు. ఆ రెండు పక్షముల వాదములలోను బ్రేకు మాట వినరాకపోవుటయే నాకు కష్టము తోచినది. ఇంటింటికి విద్యుత్ స్కూటరు వచ్చుచున్న కాలమిది. అమ్మువారు ఎంత దూరము పోవునో చెప్పుదురు గాని ఎట్లు ఆపవలెనో చెప్పరు.

ముందున్న ఎర్రదీపమును దూరమునుండియే గమనించి యాక్సిలరేటరును మెల్లగా వదలినచో, ఆ సదుపాయమున్న బండిలో కొంత విద్యుత్తు వెనుకకు చేరును. దగ్గరకు పోయి ఒక్కుమ్మడి బ్రేకు బిగించినచో చాలభాగము వేడియై పోవును. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు మాత్రము తిరిగి వచ్చు విద్యుత్తునకు చోటుండదు. బంజారా కొండలమీద కాపురముండి, రాత్రియంతయు నూటికి నూరుపాళ్లు ఛార్జి నింపి, ఉదయమున దిగువకు వచ్చు పెద్దమనుషుల బండ్లు చాలవరకు ఆ వాలును ఊరకనే పోగొట్టుకొనుచున్నవి.