కంటి ఆపరేషన్‌లో ఆ ద్రవం ఏం చేస్తుంది?

మధుమేహం వల్ల కంటి లోపల రక్తస్రావమైనా, రెటీనా ఊడివచ్చినా వైద్యులు తరచూ చేసే శస్త్రచికిత్స విట్రెక్టమీ. 1970ల ఆరంభంలో రాబర్ట్ మాకెమర్ దీనికి బాట వేశారు. కనుగుడ్డులో నిండి ఉండే సుమారు 4 మిల్లీలీటర్ల జెల్లీ లాంటి విట్రియస్‌ను కత్తిరించి పీల్చేస్తారు. కన్ను కుంచించుకుపోకుండా ఆ ఖాళీలోకి సెలైన్ లాంటి ద్రవాన్ని పంపుతూనే ఉంటారు. రోగికి పేరైనా తెలియని ఈ ద్రవం రెటీనాను నేరుగా తాకుతుంది. అందుకే అందులో ఏముందన్నది ముఖ్యం.

శరీరంలో ఆక్సిజన్‌ను అత్యధికంగా వాడుకునే కణజాలాల్లో రెటీనా ఒకటి. దాని కణాల పొరల్లో సులువుగా ఆక్సీకరణ చెందే కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. పైగా ఆపరేషన్ వేళ కంటి లోపలే దీపం వెలుగుతుంది. దాంతో కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ పెరిగే అవకాశం ఉంటుంది.

వీటికి అడ్డుకట్ట వేసేవి యాంటీఆక్సిడెంట్ ఎంజైములు. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ సూపరాక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. అదీ హానికరమే. కెటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ దాన్ని నీరుగా మార్చేస్తాయి. ఈ చివరి ఎంజైముకు గ్లూటాథయోన్ కావాలి. ఒకసారి వాడిన గ్లూటాథయోన్ మళ్లీ పనికి రావాలంటే, కణం ప్రధానంగా గ్లూకోజ్ నుంచి తయారుచేసుకునే ఎన్‌ఏడీపీహెచ్ ఉండాలి. అంటే గ్లూకోజ్ అందకపోతే ఈ రక్షణ గొలుసు బలహీనపడుతుంది.

ద్రవాల మధ్య తేడా ఇక్కడే. సాధారణ సెలైన్‌లో ఉన్నది ఉప్పు మాత్రమే. రింగర్ లాక్టేట్‌లో పొటాషియం, కాల్షియం, లాక్టేట్ ఉంటాయి, గ్లూకోజ్, బైకార్బొనేట్ ఉండవు. బ్యాలెన్స్‌డ్ సాల్ట్ సొల్యూషన్‌లో మెగ్నీషియం కూడా ఉంటుంది. దానిలోని 'ప్లస్' రకంలో బైకార్బొనేట్, గ్లూకోజ్, ఆక్సీకృత గ్లూటాథయోన్ చేర్చారు. కుందేళ్లపై జరిగిన ప్రయోగాల్లో సాధారణ సెలైన్ వాడినప్పుడు రెటీనా విద్యుత్ స్పందన తగ్గింది. గ్లూకోజ్, బైకార్బొనేట్ ఉన్న ద్రవం దాన్ని మెరుగ్గా కాపాడింది.

అయితే ఏ ద్రవమూ విట్రియస్‌కు పూర్తి ప్రత్యామ్నాయం కాదు. విట్రియస్‌లోని విటమిన్ సి ఆక్సిజన్‌ను ఖర్చు చేసి కటకాన్ని కాపాడుతుంది. అది పోయాక కటకానికి ఆక్సిజన్ ఎక్కువగా చేరుతుంది. యాభై దాటినవారిలో చాలామందికి విట్రెక్టమీ తర్వాత రెండేళ్లలోపే శుక్లం రావడానికి ఇదే ప్రధాన కారణమని భావిస్తున్నారు.

మన దేశంలో చవకగా దొరికే రింగర్ లాక్టేట్ కంటి ఆపరేషన్లలో విరివిగా వాడుకలో ఉంది. దాన్ని తప్పుపట్టలేం: ఎంజైమ్ పనితీరులో తేడా కనిపించినంత మాత్రాన చూపులో అంతే తేడా రాదు. త్వరగా ముగిసే శుక్లం ఆపరేషన్‌లో ద్రవం రెటీనాను పెద్దగా తాకదు కూడా. కానీ మధుమేహంతో ఇప్పటికే నలిగిన రెటీనాపై చాలాసేపు సాగే విట్రెక్టమీ సంగతి వేరు. అలాంటి చోట మెరుగైన ద్రవం ఖర్చు పెట్టదగినదే. ఏ ద్రవమైనా సరే, సీసాలో సూక్ష్మక్రిములు చేరితే కన్నే పోవచ్చు. ప్రభుత్వాలు, ఆసుపత్రులు టెండర్లలో ధరతోపాటు కూర్పునూ, శుద్ధతనూ పరిశీలించాల్సింది అందుకే.