రాయదుర్గం నుంచి కరీబియన్‌కు మకాం మార్చే ముందు: మీకు తెలుసా?

అమెరికాకో కెనడాకో వెళ్తున్నామంటే హైదరాబాద్ రాయదుర్గంలో ఏ ఆఫీసు క్యాంటీన్‌లోనైనా దారి చెప్పేవాళ్లు దొరుకుతారు. బార్బడోస్, గ్రెనడా, ట్రినిడాడ్ అంటే మాత్రం అడుగుదామంటే మనిషి దొరకడు, బ్రోషర్లే దొరుకుతాయి. వాటిలో నీలం సముద్రం, తెల్లటి ఇసుక, చేతిలో రెండో పాస్‌పోర్ట్ ఉంటాయి. ఉద్యోగం ఒక్కరిదే కావచ్చు గానీ మకాం మార్చేది ఇంటిల్లిపాదీ. పిల్లల చదువు, అమ్మానాన్నల ఆరోగ్యం, ఊళ్లో పొలం, వంటింట్లో మిక్సీ కూడా లెక్కలోకి వస్తాయి. అలాంటి వాళ్ల కోసం బ్రోషర్లలో కనిపించని సంగతులు కొన్ని.

ఆ దారి మనవాళ్లకు కొత్త కాదు

1838 మే 5న భారతీయ కూలీల తొలి ఓడలు ఇప్పటి గయానా తీరం చేరాయి. 1845 మే 30న ‘ఫాతెల్ రజాక్’ అనే ఓడ ట్రినిడాడ్‌లో ఆగింది. ఫిబ్రవరిలో కలకత్తాలో బయల్దేరిన ఓడ అది, అంటే మూడు నెలలకు పైగా నీళ్ల మీదే. ఆ వెనకే మద్రాసు రేవు నుంచీ ఓడలు కదిలాయి. వాటిలో తమిళులతోపాటు తెలుగు జిల్లాల కూలీలూ ఉన్నారు. చెరకు తోటల యజమానులకు మాత్రం అందరూ ‘మద్రాసీ’లే. ఐదేళ్ల ఒప్పందం మీద వెళ్లినవాళ్లలో చాలామంది అక్కడే ఉండిపోయారు. 1917లో ఆ కూలీల ఎగుమతి ఆగిపోయింది. కాలక్రమంలో భాష చాలావరకు పోయింది, గుడి మిగిలింది. గయానాలో మారెమ్మ కొలువు ఈనాటికీ ‘మద్రాసీ’ సంప్రదాయంగానే నడుస్తోంది. 2015 నుంచి 2020 దాకా ఆ దేశ ప్రధానిగా ఉన్న మోజెస్ నాగముత్తు, వెస్టిండీస్ టెస్టు జట్టుకు ఆడిన స్పిన్నర్ వీరస్వామి పెరుమాళ్ ఆ దక్షిణాది వారసత్వానికి చెందినవాళ్లే.

గయానా జనాభాలో దాదాపు 40 శాతం, ట్రినిడాడ్‌లో 35 శాతం భారత సంతతివారు. ట్రినిడాడ్‌లో దీపావళి 1966 నుంచి జాతీయ సెలవు. ఉగాదికి, సంక్రాంతికి మాత్రం పిల్లలు బడికి వెళ్లాల్సిందే.

సెయింట్ కిట్స్‌దీ హైదరాబాద్‌దీ దాదాపు ఒకే అక్షాంశం

సెయింట్ కిట్స్ రాజధాని బాసెటెర్ ఉన్నది 17.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. హైదరాబాద్ 17.4. కాబట్టి స్వెటర్లు, హీటర్ల ఖర్చు లేదు. తేడా అంతా గడియారంలో ఉంది. బార్బడోస్, గ్రెనడా, ట్రినిడాడ్ మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక. రాయదుర్గంలో సాయంత్రం ఆరున్నర అయితే అక్కడ ఉదయం తొమ్మిది. వేసవిలో న్యూయార్క్ గడియారం, వాళ్ల గడియారం ఒకటే. ఇక్కడ రాత్రి పదకొండింటికి అమెరికా టీమ్‌తో కాల్‌లో కూర్చునేవాళ్లకు అక్కడ అదే కాల్ పట్టపగలు వస్తుంది. కరీబియన్‌కు వెళ్లడానికి ఐటీ ఉద్యోగులు చెప్పే కారణాల్లో నాకు బలంగా కనిపించేది ఇదే.

ఉన్న ఉద్యోగం వదలకుండానే ఏడాది ఉండిరావచ్చు

2020 జులైలో బార్బడోస్ ‘వెల్‌కమ్ స్టాంప్’ అనే ఏడాది వీసా తెచ్చింది. బయటి దేశపు కంపెనీకి పని చేస్తూ అక్కడ కాపురం ఉండవచ్చు. ఏడాదికి కనీసం 50,000 డాలర్ల ఆదాయం చూపాలి. డాలరు 85 రూపాయల లెక్కన వేసుకున్నా 42.5 లక్షలు. ఫీజు ఒక్కరికి 2,000 డాలర్లు, కుటుంబానికి 3,000. ఆంటిగ్వాలో ఇలాంటి వీసాకు రెండేళ్లు, డొమినికాలో 18 నెలలు గడువు ఇస్తారు. ఆదాయపు షరతు రెండుచోట్లా బార్బడోస్‌లాగే ఉంటుంది. ఆరోగ్య బీమా సొంతంగా తెచ్చుకోవాలి.

నా అభిప్రాయం అడిగితే, ఆస్తులు అమ్ముకుని వెళ్లడం కన్నా ముందు ఇలా ఏడాది ఉండి చూడటం ఎంతో మేలు. అయితే వీసా వచ్చినంత మాత్రాన సరిపోదు. అక్కడ కూర్చుని పని చేయడానికి మీ కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

రెండో పాస్‌పోర్ట్ వచ్చిన రోజే మొదటిది పోతుంది

పెట్టుబడి పెడితే పౌరసత్వం ఇచ్చే దేశాలు కరీబియన్‌లో ఐదు: సెయింట్ కిట్స్-నెవిస్, డొమినికా, గ్రెనడా, ఆంటిగ్వా-బార్బుడా, సెయింట్ లూసియా. అన్నిటికన్నా పాతది సెయింట్ కిట్స్ పథకం, 1984 నాటిది. ఒకరితో ఒకరు పోటీపడి ధర తగ్గించుకోవడం మానాలని 2024లో వీటిలో నాలుగు దేశాలు కూర్చుని రెండు లక్షల డాలర్లను కనీస ధరగా ఖాయం చేశాయి. అంటే అదే 85 రూపాయల లెక్కన కోటీ డెబ్బై లక్షలు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం ఒక మనిషి ఏడాదిలో విదేశాలకు పంపగలిగేది రెండున్నర లక్షల డాలర్లే. పైగా పెట్టుబడి కోసం పంపే డబ్బులో పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. రిటర్న్ వేసినప్పుడు అది సర్దుబాటు అవుతుంది, కానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు.

డబ్బు కన్నా పెద్ద సంగతి వేరే ఉంది. మన రాజ్యాంగం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, సొంత ఇష్టంతో ఇంకో దేశ పౌరసత్వం తీసుకున్న క్షణమే భారత పౌరసత్వం పోతుంది. ఓటు పోతుంది, పాస్‌పోర్ట్ సరెండర్ చేయాలి, ఆ తర్వాత ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ‘రెండూ దగ్గర ఉంచుకోవచ్చు’ అని ఏ ఏజెంట్ చెప్పినా నమ్మకండి. పాత పాస్‌పోర్ట్ మీద ప్రయాణం చేస్తే అది నేరం.

గ్రెనడా పౌరులైతే అమెరికాలో ఈ-2 వీసా మీద వ్యాపారం పెట్టుకోవచ్చన్న ప్రచారం కూడా వినిపిస్తుంది. ఒప్పందం ఉన్నమాట నిజమే. కానీ 2022 డిసెంబరులో అమెరికా చట్టం మార్చింది. డబ్బు కట్టి పౌరులైనవాళ్లు ముందుగా మూడేళ్లు గ్రెనడాలో నివాసం ఉండాలి.

శంకర్‌పల్లిలో ఎకరం కొనే ఆలోచన ఉంటే...

ఎన్ఆర్ఐ అయినా, ఓసీఐ అయినా ఇండియాలో ఫ్లాట్ కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోటలు మాత్రం కొనకూడదు. పౌరసత్వం వదులుకోకపోయినా, స్థిరంగా విదేశంలో ఉండటానికి వెళ్లినవాళ్లకూ ఇదే నియమం. తాతల నాటి పొలం వారసత్వంగా రావచ్చు, ఇక్కడ ఉన్నప్పుడు కొన్నది అట్టిపెట్టుకోవచ్చు. అమ్మాల్సి వస్తే ఇండియాలో నివసించే భారత పౌరులకే అమ్మాలి. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు భూమికి అడ్వాన్సు ఇచ్చి, రిజిస్ట్రేషన్ తర్వాత చూద్దామనుకుని విమానం ఎక్కడం మంచిది కాదు.

విమానం మారడానికీ వీసా కావాలి

హైదరాబాద్ నుంచే కాదు, ఇండియాలో ఏ ఊరి నుంచీ కరీబియన్‌కు నేరుగా విమానం లేదు. బార్బడోస్, జమైకా, ట్రినిడాడ్, గ్రెనడాలకు మన పాస్‌పోర్ట్‌తో కొద్ది రోజుల పర్యటనకు వీసా అక్కర్లేదు. కానీ అక్కడికి చేరే దారికి వీసా కావాలి. అమెరికా మీదుగా వెళ్తే ఎయిర్‌పోర్ట్ గడప దాటకపోయినా వీసా ఉండాల్సిందే. నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్ రాయదుర్గానికి పక్కనే ఉన్నా, అపాయింట్‌మెంట్ తేదీ అంత దగ్గరగా దొరకదు. లండన్ దారిలో ఇంకో చిక్కు ఉంది. హైదరాబాద్ విమానం హీత్రూలో దిగుతుంది, కరీబియన్ విమానాలు చాలావరకు గాట్విక్‌లో ఎక్కాలి. ఆ రెండింటి మధ్య రోడ్డు మీద ప్రయాణం చేయాలంటే బ్రిటన్ ట్రాన్సిట్ వీసా తప్పదు. టికెట్ చవగ్గా వచ్చిందని కొనేముందు దారిలో ఏ ఎయిర్‌పోర్టులు తగులుతాయో చూసుకోండి.

కాగితాల పనిలో ఒక సౌకర్యం మాత్రం పెరిగింది. టోలీచౌకిలోని పాస్‌పోర్ట్ సేవా కేంద్రం 2025 సెప్టెంబరులో రాయదుర్గానికే మారింది. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు ఇప్పుడు దూరం వెళ్లక్కర్లేదు. పెళ్లి, పుట్టుక, డిగ్రీ సర్టిఫికెట్లకు అపోస్టిల్ ముద్ర ఇక్కడే వేయించుకోండి, సముద్రాలు దాటాక ఆ పని పెద్ద తలనొప్పి.

ఎల్లో ఫీవర్ టీకా వెళ్లడానికి కాదు, తిరిగి రావడానికి

ట్రినిడాడ్, గయానా, సురినామ్ ఎల్లో ఫీవర్ ముప్పు ఉన్న దేశాల జాబితాలో ఉన్నాయి. మన దగ్గర ఆ జబ్బు లేదు, దాన్ని మోసే దోమ మాత్రం ఉంది. అందుకే ఆ దేశాల నుంచి ఆరు రోజుల లోపు ఇండియాలో దిగేవాళ్లు టీకా కార్డు చూపించాలి. లేకపోతే ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా క్వారంటైన్‌కు పంపుతారు, ఆరు రోజుల దాకా ఉంచుతారు. చెల్లెలి పెళ్లికని వచ్చి క్వారంటైన్ గదిలో కూర్చోవాల్సి వస్తే ఎంత బాధో ఊహించుకోండి.

హైదరాబాద్‌లో ఈ టీకా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. పాస్‌పోర్ట్ వెంట తీసుకెళ్లాలి. టీకా వేసిన పది రోజుల తర్వాత గానీ కార్డు చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. అరవై దాటిన అమ్మానాన్నలకు, గుడ్డు పడనివాళ్లకు ఈ టీకా వేయించే ముందు డాక్టర్‌ను తప్పకుండా అడగండి. వాళ్లను ఏ దేశానికి తీసుకెళ్లాలన్నది కొన్ని ఇళ్లలో ఈ ఒక్క విషయం మీదే తేలుతుంది.

మిక్సీ గ్రెనడాలో తిరుగుతుంది, బార్బడోస్‌లో మూలుగుతుంది

మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. బార్బడోస్, ట్రినిడాడ్‌లలో 115, జమైకాలో 110. మన 750 వాట్ల మిక్సీని అక్కడ ప్లగ్‌లో పెడితే బ్లేడు తిరిగీ తిరగనట్టు తిరుగుతుంది, నానబెట్టిన మినప్పప్పు అడుగున అలాగే ఉండిపోతుంది. దానికి ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, ఆ బరువుకు సూట్‌కేసులో సగం పోతుంది. గ్రెనడా, డొమినికా, సెయింట్ లూసియాల్లో వోల్టేజీ మనలాంటిదే. బ్రిటన్ తరహా మూడు చదరపు కాళ్ల ప్లగ్ అడాప్టర్ చాలు. కుక్కర్‌కు ఎక్కడా ఇబ్బంది లేదు.

కూరగాయల గురించి బెంగ అక్కర్లేదు. చేమ, కర్రపెండలం, అలసంద కాయలు, వంకాయ, మామిడికాయ, కరివేపాకు అన్నీ ఉన్నాయి. ఎర్ర గోంగూర కూడా ఉంది. అయితే అక్కడివాళ్లకు కావలసింది ఆకు కాదు. పువ్వు రాలాక కాయను చుట్టుకుని ఉండే ఎర్రటి మందపాటి రేకులను అల్లంతో కలిపి మరిగించి, నానబెట్టి క్రిస్మస్‌కు పానకంలా తాగుతారు. పెరట్లో ఆ మొక్క ఉన్న పక్కింటివాళ్లను ఆకు అడిగితే ఇస్తారు. ఇక్కడి నుంచి విత్తనాలు మాత్రం పెట్టెలో పెట్టుకెళ్లకండి, అనుమతి లేని విత్తనాలను కస్టమ్స్‌లో ఆపేస్తారు.

తుపాను కాలం, బడి తెరిచే కాలం ఒకటే

అక్కడ హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్లలో ఉధృతి ఎక్కువ. 2024 జులై 1న ‘బెరిల్’ గ్రెనడాకు చెందిన కారియాకూ దీవిని నేలమట్టం చేసింది. 2025 అక్టోబర్ 28న ‘మెలిస్సా’ అత్యంత తీవ్రమైన ఐదో కేటగిరీలో జమైకాను తాకింది. 2014లో హుద్‌హుద్ చూసిన విశాఖవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దక్షిణాన ఉన్న ట్రినిడాడ్, గయానాలకు ఈ బెడద చాలా తక్కువ. కరీబియన్‌లో బడులు సెప్టెంబర్‌లో తెరుస్తారు. మన దగ్గర ఏప్రిల్ చివర్లో సెలవులిస్తారు కాబట్టి, మే నెలలో ఒక్కరు వెళ్లి ఇల్లు, బడి చూసుకొస్తే గాలివానలో పిల్లాపాపలతో హోటల్ వెతుక్కోవాల్సిన పని ఉండదు.

తొమ్మిదో తరగతి దాటితే లెక్క మారిపోతుంది

ఇంగ్లిష్ మాట్లాడే కరీబియన్ దేశాల్లో పదహారేళ్ల వయసులో సీఎస్ఈసీ, ఆపై రెండేళ్లకు కేప్ పరీక్షలు రాస్తారు. చదువు బాగానే ఉంటుంది. చిక్కు వచ్చేది తిరిగి వచ్చాక. తెలంగాణ మెడికల్ కాలేజీల్లో స్థానిక కోటా సీటు కావాలంటే ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు పిల్లలు తెలంగాణలోనే చదివి ఉండాలి. ఈ షరతుతో 2024లో వచ్చిన జీవో 33 మీద కోర్టుల్లో పెద్ద వాదనే నడిచింది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు రాష్ట్ర నిబంధననే సమర్థించింది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, సైనికుల వంటి కొందరి పిల్లలకు మినహాయింపు ఉంది, ప్రైవేటు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పిల్లలకు లేదు.

పోనీ అక్కడే ఎంబీబీఎస్ చదివిద్దామా అంటే, 2021 నవంబర్ నాటి జాతీయ మెడికల్ కమిషన్ నిబంధనలు చూడాలి. చదువు కనీసం 54 నెలలు, ఆపై 12 నెలల ఇంటర్న్‌షిప్, అదంతా అదే దేశంలో, అదే కాలేజీలో పూర్తి చేయాలి. కరీబియన్‌లోని చాలా మెడికల్ స్కూళ్లు మొదటి రెండేళ్లు దీవిలో చెప్పి, క్లినికల్ శిక్షణకు అమెరికా ఆసుపత్రులకు పంపుతాయి. అమెరికాలో డాక్టరవ్వాలనుకునేవాళ్లకు అది పనికొస్తుంది. కానీ ఆ డిగ్రీతో ఇండియాలో ప్రాక్టీసుకు లైసెన్స్ రాదు.

మీ ఇంట్లో ఏడో తరగతో ఎనిమిదో తరగతో చదివే పిల్లలుంటే, డాక్టరవుతామని వాళ్లు ఒక్కసారైనా అని ఉంటే, ఏజెంట్‌కు అడ్వాన్స్ కట్టే ముందు ఈ రెండు నిబంధనలు వాళ్లతో కలిసి కూర్చుని చదవండి.